ఫలం కోరని భక్తి గురించి అమ్మాయికి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. నిత్యపూజ తప్పడం లేదనీ, విష్ణు సహస్రనామం పుస్తకం చూడకుండానే చదువుతున్నావనీ, ఏకాదశి ఉపవాసాలు కూడా సాగుతున్నాయనీ, అయినా హారతి ఇచ్చి లేచేసరికి ఒక పని పూర్తయిందన్న తృప్తి మిగులుతోందే తప్ప పెద్దలు చెప్పే ఆనందం జాడ తెలియడం లేదనీ వ్రాశావు. చివరి పేజీలో, అన్నీ భగవంతునికే వదిలేయాలంటే ఇక మన ప్రయత్నానికి చోటెక్కడని అడిగావు. ఈ రెండు ప్రశ్నలూ విడివిడిగా కనిపిస్తున్నా మూలం ఒక్కటే కనుక కలిపే జవాబు వ్రాస్తున్నాను. కొంచెం పొడవైన ఉత్తరమే అవుతుంది. తీరిక చూసుకుని చదువు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పూజలో ఆనందం కోసం వెదుకుతున్నంత కాలం అది నీకు చిక్కదు. ఉద్యోగం కావాలని, సంతానం కావాలని దేవుణ్ణి అడిగేవారిని చూసి మనం కామ్యభక్తి అంటాము. ఆనందం కావాలని అడగడం కూడా ఆ వరుసలోనిదే. అడిగే వస్తువు బయటిది కాక లోపలిది కావడం వల్ల అది కోరికలాగా కనిపించదు, అంతే. పూజ ముగియగానే "ఈ రోజు ఏమైనా కలిగిందా" అని మనసును తడిమి చూసుకుంటున్నానని నీవే వ్రాశావు. మొక్కు చెల్లించి వచ్చినవాడు ఫలితం ఎప్పుడొస్తుందా అని రోజులు లెక్కపెట్టుకోవడానికీ, దీనికీ నాకు పెద్ద తేడా కనిపించలేదు. కోపంతో అంటున్న మాట కాదిది. నీవు ఎక్కడ ఆగిపోయావో నీ వాక్యమే చెబుతోంది కనుక అక్కడి నుంచే మొదలుపెట్టడం మేలని అంటున్నాను.

తైత్తిరీయోపనిషత్తులో ఆనందవల్లి అనే భాగం ఉంది. అందులో ఋషి ఆనందాన్ని కొలవబోతాడు. మంచి వయసు, మంచి నడవడి, చదువు, దేహదార్ఢ్యం, బలం అన్నీ ఉన్న ఒక యువకుణ్ణి ఊహించుకోమంటాడు. సకల సంపదలతో నిండిన ఈ భూమి అంతా అతనిదే అనుకుంటే అతడు పొందే సుఖం ఒక మనుష్యానందం. దానికి నూరు రెట్లు మనుష్య గంధర్వుల ఆనందం, దానికి మళ్ళీ నూరు రెట్లు దేవగంధర్వులది. ఇలా పితృదేవతలు, దేవతలు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి అంటూ పది మెట్లు ఎక్కి బ్రహ్మానందం దాకా తీసుకువెళతాడు. ప్రతి మెట్టు దగ్గరా మాత్రం ఒకే మాట వేస్తాడు: "శ్రోత్రియస్య చాకామహతస్య." వేదం తెలిసి, కోరిక చేత దెబ్బతినకుండా ఉన్నవానికి కూడా ఆ ఆనందమే ఉందని దాని భావం. ఇంద్రుని ఆనందం కావాలంటే ఇంద్రపదవికి పోనక్కరలేదనీ, ఉన్నచోటనే ఉండి కోరిక దెబ్బ తప్పించుకుంటే చాలుననీ ఆ ఋషి పదిసార్లు చెప్పాడు. అన్నిసార్లు ఎందుకు చెప్పాడా అని నేను చాలాకాలం ఆలోచించాను. ఒకసారి చెబితే మనం దాన్ని దాటుకుని పై మెట్టు ఏమిటా అని చూస్తామని ఆయనకు తెలిసి ఉంటుంది.

అలాగని కోరికతో దేవుని దగ్గరకు వెళ్ళడం పాపమని నేననను. ఆ మాట అనే అధికారం ఎవరికీ లేదు. గీత ఏడవ అధ్యాయంలో కృష్ణుడు తనను సేవించేవారు నాలుగు రకాలని చెప్పాడు. ఆపదలో ఉన్నవాడు, తెలుసుకోగోరేవాడు, సంపద కోరేవాడు, జ్ఞాని. జ్ఞానిని తన ఆత్మగా చెప్పుకుంటూనే, మిగతావారిని కూడా కలుపుకుని "ఉదారాః సర్వ ఏవైతే" అన్నాడు. వీరందరూ గొప్పవారేనని ఆయనే అన్నప్పుడు మనం ఒకరిని తక్కువ చేయనేల? ధ్రువుడు అడవికి వెళ్ళింది తండ్రి తొడ మీద చోటు దక్కలేదన్న రోషంతో. ఎవరికీ దక్కని ఉన్నతపదం కావాలన్నదే అతని తపస్సుకు కారణం. హరి ప్రత్యక్షమై ఆ పదం ఇచ్చాక ఇంటికి తిరిగివస్తూ మాత్రం అతడు సంతోషించలేదనీ, ఇంతటివాణ్ణి ఎదురుగా పెట్టుకుని ఇంత చిన్నది అడిగానే అని కుమిలిపోయాడనీ భాగవతం చెబుతుంది. కోరిక అతణ్ణి సరైన గుమ్మం దాకా తీసుకువచ్చింది. అక్కడికి చేరాక దాని అవసరం తీరిపోయింది.

ప్రహ్లాదుని సంగతి వేరు. నరసింహస్వామి వరం కోరుకోమన్నప్పుడు ఆ పిల్లవాడు, నీ దగ్గర లాభం ఆశించి సేవించేవాడు సేవకుడు కాడు, వర్తకుడు అన్నాడు. అయినా కోరుకోక తప్పదంటే, నా హృదయంలో కోరికలు మొలకెత్తకుండా చేయమని అడిగాడు. నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించేది ఆ తరువాతి మాట. అన్ని బాధలు పెట్టిన తండ్రికి సద్గతి కలగాలని ప్రాధేయపడ్డాడు. తన కోసం ఏమీ అక్కరలేనివానికి ఇతరుల కోసం అడగడానికి మనసులో ఎంత చోటు ఏర్పడుతుందో అక్కడ చూడు.

ఇక కుచేలోపాఖ్యానం. ఆ కథ నీకు తెలిసినదే, కానీ సాధారణంగా మనం చివర వచ్చిన మేడల దగ్గర ఆగిపోతాము. ఈసారి ద్వారక నుంచి ఆయన తిరుగుప్రయాణం దగ్గర ఆగి చదువు. దారిద్ర్యం భరించలేక భార్య పంపితే, ఆమె ఇరుగుపొరుగును యాచించి తెచ్చిన నాలుగు గుప్పిళ్ళ అటుకులు చింకిగుడ్డలో మూటగట్టుకుని వెళ్ళాడు. కృష్ణుడు ఎదురువచ్చి కౌగిలించుకున్నాడు, కాళ్ళు కడిగాడు, గురుకులంలోని రోజులు తలచుకున్నాడు, అటుకులు లాక్కుని తిన్నాడు. కుచేలుడు నోరు తెరిచి ఏమీ అడగలేదు. కృష్ణుడు ఆయన చేతికి ఏమీ ఇవ్వనూ లేదు. మరునాడు ఉత్త చేతులతో బయలుదేరిన ఆ బ్రాహ్మణునికి భార్యకు ఏమి చెప్పాలన్న సంకోచం కొంత ఉన్నా, ఆ దర్శనం వల్ల కలిగిన సుఖంతో నిండిపోయి నడిచాడని భాగవతం చెబుతుంది. ధనమిస్తే తాను మదించి కృష్ణుణ్ణి మరిచిపోతానని దయతోనే ఇవ్వలేదు కాబోలని కూడా అనుకున్నాడు. అప్పటికి ఇంటి దగ్గర ఏమి జరిగిందో అతనికి తెలియదు. కథలో కుచేలుని ఆనందం ఆ దారిలోనే ఉంది. ఇంటికి వచ్చి సంపద చూశాక భాగవతం అతని సంతోషాన్ని కాక అతని నిస్సంగత్వాన్ని వర్ణించింది. మేడలు కట్టించి ఇవ్వకపోయినా ఆ కథలో కుచేలునికి తగ్గేదేమీ లేదని నాకు తోస్తుంది.

ఇప్పుడు నీవు ఏమి చేయాలో చెబుతాను. ఇందుకోసం కొత్త వ్రతాలు పట్టనక్కరలేదు. రోజూ చేసే పూజలోనే దారి ఉంది. సంకల్పం మొదలుకావడమే "మమోపాత్త సమస్త దురితక్షయ ద్వారా శ్రీ పరమేశ్వర ప్రీత్యర్థం" అని మొదలవుతుంది. అంటే ఈ పూజ ఆయన ప్రీతి కోసం అని ముందే ఒప్పుకుంటున్నాము. ఆ తరువాత దేశకాలాలు, గోత్రనామాలు అయ్యాక క్షేమం, స్థైర్యం, విజయం, ఆయురారోగ్యం, ఐశ్వర్యం అంటూ పెద్ద జాబితా వస్తుంది. పూజ ముగిశాక అక్షతలూ నీళ్ళూ విడిచి "ఏతత్ఫలం సర్వం శ్రీ పరమేశ్వరార్పణమస్తు" అంటాము. మొదలు ఆయన ప్రీతి, చివర ఫలత్యాగం, నడుమ మన జాబితా. మనకు శ్రద్ధ కుదిరేది మాత్రం ఆ నడిమి భాగం మీదనే. మొదలూ చివరా నోటితో అంటాము గాని మన చెవికే వినబడవు. వారంలో ఒక రోజు, ఇంట్లో నీవొక్కతెవే చేసుకునే పూజలో, ఆ నడిమి జాబితా తీసివేసి చూడు. "పరమేశ్వర ప్రీత్యర్థం" అని మొదలుపెట్టి, అర్పణంతో ముగించి, లేచి నీ పని చూసుకో. మనసును తడమకు. మొదట్లో ఏదో వెలితిగా ఉంటుంది, పూజ సగమే చేసినట్టు అనిపిస్తుంది. ఆ వెలితిని నింపడానికి ఏమీ చేయవద్దు. అది ఏ కోరిక ఖాళీ చేసిన చోటో కొద్ది వారాల్లో నీకే తెలుస్తుంది.

మిగతా రోజుల్లో బాధ వస్తే దేవునితో చెప్పుకోకూడదా అని నీకు అనుమానం రావచ్చు. తప్పక చెప్పుకో. చెప్పుకోవడం వేరు, బేరమాడడం వేరు. పాల్వంచ తహసీలుదారుగా ఉండి భద్రాచలంలో రామునికి గుడి కట్టించి, ప్రభుత్వపు సొమ్ము అందుకు వాడాడన్న నేరానికి గోల్కొండ కోటలో పన్నెండేళ్ళు చెరలో ఉన్నాడని చెప్పే కంచర్ల గోపన్న, ఆ రామదాసు, దేవుణ్ణి ఎంతెంత మాటలన్నాడో నీకు తెలుసు. గోపురం కట్టించాను, సీతమ్మకు పతకం చేయించాను, భరతునికి చేయించాను, లక్ష్మణునికి చేయించాను అని ఖర్చులన్నీ ఏకరువు పెట్టాడు. పైకి చూస్తే లెక్కలు తీసి నిలదీయడమే. కానీ ఆ కీర్తన చివరకు వచ్చేసరికి దెబ్బలకు తాళలేక తిట్టానయ్యా, ఏమీ అనుకోకు అని ఒదిగిపోయాడు. తిట్టినా ఆయననే తిట్టాడు, మొర పెట్టినా ఆయనకే పెట్టాడు. ఇంకొక గుమ్మం తొక్కకపోవడమే అక్కడి శరణాగతి. కాబట్టి కోపం వస్తే ఆ కోపాన్నే దేవుని ముందు పెట్టు. దాచి మర్యాదగా స్తోత్రం చదవడం కంటే అది ఎంతో నయం. బేరం ఎప్పుడవుతుందంటే, ఇది చేస్తే అది ఇస్తానన్నప్పుడూ, ఇవ్వకపోతే పూజ మానేస్తానని లోపల అనుకున్నప్పుడూ.

శరణాగతి అంటే ఏమిటో పాంచరాత్ర ఆగమాలనే వైష్ణవ శాస్త్రాలలో ఆరు అంగాలుగా చెప్పారు. భగవంతునికి అనుకూలంగా నడుచుకుంటానన్న సంకల్పం, ప్రతికూలమైనది విడిచిపెట్టడం, ఆయన రక్షిస్తాడన్న విశ్వాసం, నీవే నా రక్షకుడవని కోరుకోవడం, తనను తాను ఆయన చేతిలో ఉంచడం, తన అశక్తతను ఒప్పుకోవడం. ఈ ఆరింటిలో మొదటి రెండూ నడవడికి సంబంధించినవని గమనించు. చేతులు ముడుచుకు కూర్చోవడం శరణాగతి అయితే వాటికి అక్కడ చోటే ఉండదు. ఒకరిని మోసగించి వచ్చి, అంతా నీదే భారమని దండం పెట్టేవాడు రెండవ అంగం దగ్గరే తప్పిపోయాడు. చివరిదానికి కార్పణ్యమని పేరు. దీనిని చాలామంది తమను తాము తిట్టుకోవడంగా పొరబడతారు. నేను పనికిమాలినదాన్ని, పాపిని అని రోజూ అనుకోవడం కూడా తన చుట్టూ తాను తిరగడమే. నా వల్ల అయ్యేది ఇంత, ఆపైన నా చేతిలో లేదు అని ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుంటే చాలు, అందులో ఏడుపు అక్కరలేదు.

నీవు అడిగిన ప్రయత్నం మాటకు వస్తాను. రామానుజుల తరువాత శ్రీవైష్ణవంలో ఈ ప్రశ్న మీదనే రెండు తెగలు ఏర్పడ్డాయి. వేదాంతదేశికుల మార్గం వారు కోతిపిల్లను చూపారు: తల్లి గెంతుతుంటే పిల్ల తన పట్టు తాను పట్టుకోవాలి. పిళ్ళై లోకాచార్యుల మార్గం వారు పిల్లికూనను చూపారు: తల్లి నోట కరుచుకుని పోతుంది, పిల్ల చేయవలసింది ఏమీ లేదు. మహాపండితులు తరతరాలుగా వాదించుకున్న విషయంలో నేను తీర్పు చెప్పబోను. నా అనుభవంలో మాత్రం సంసారంలో ఉన్నవారు పగలు కోతిపిల్లగా, రాత్రి పిల్లికూనగా ఉండడం మేలు. పని వేళ పట్టు విడవకూడదు. పడక చేరాక, నేను చేయగలిగింది చేశాను అనుకున్న తరువాత, ఆ పనిని మళ్ళీ తలకెత్తుకోకూడదు. మనం సరిగ్గా దీనికి తలకిందులుగా నడుస్తాము. పగలు బద్ధకించి అంతా దైవేచ్ఛ అంటాము, రాత్రి నిద్ర మానుకుని బాధ్యతంతా మనమే మోస్తాము.

అర్జునుణ్ణి చూడు. రెండవ అధ్యాయంలోనే నీకు శరణాగతుణ్ణి, నన్ను శాసించు అన్నాడు. ఆ మాటతో గీత ముగిసిపోవాలి గదా! ముగియలేదు. ప్రశ్న వెంట ప్రశ్న వేస్తూ పద్దెనిమిదో అధ్యాయం దాకా వచ్చాడు. అక్కడ కృష్ణుడు, అన్నీ విడిచి నన్నొక్కణ్ణే శరణు పొందు అన్న ప్రసిద్ధ శ్లోకానికి మూడు శ్లోకాల ముందు ఇంకొక మాట అన్నాడు: ఇదంతా పూర్తిగా ఆలోచించి నీ ఇష్టం వచ్చినట్టు చేయి. ఆలోచించే స్వేచ్ఛ ఇచ్చాకనే శరణు అడిగాడు. శరణు పొందిన అర్జునుడు చేసిందేమిటి? విల్లు చేతబట్టి లేచాడు. విభీషణుడు కూడా అంతే. సముద్రపుటొడ్డున, సుగ్రీవుడు వద్దంటున్నా, ఒక్కసారి నీవాడనని వచ్చినవానికి అభయమివ్వడం నా వ్రతమని రాముడు అతణ్ణి చేరదీశాడు. ఆ మరుక్షణం నుంచి విభీషణుడు ఆ సేనకు సలహాదారుడై పనిచేశాడే తప్ప, అభయం దొరికింది గదా అని ఒక మూల కూర్చోలేదు.

విశ్వాసం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నీ ఉత్తరంలో "నాకు అంత నమ్మకం ఉందో లేదో" అన్న వాక్యం ఉంది. పోతనగారి గజేంద్రుడు మొర పెట్టుకుంటూ ఒకచోట "కలడు కలండనెడివాడు కలడో లేడో" అంటాడు. ఉన్నాడు ఉన్నాడంటారే, ఆయన నిజంగా ఉన్నాడో లేడో అని. వేయేళ్ళు మొసలితో పోరాడి, బలమంతా హరించిపోయి, ప్రాణం పోయే వేళ వచ్చిన అనుమానమది. ఆ అనుమానం వచ్చాక కూడా అతడు పిలవడం ఆపలేదు. ఆ పిలుపుకే విష్ణువు సిరికి కూడా చెప్పకుండా పరుగెత్తుకొచ్చాడు. అనుమానం పూర్తిగా తీరాక శరణు పొందుదామని ఎదురుచూడకు. అనుమానాన్ని కూడా వెంటబెట్టుకునే వెళ్ళు.

పూజ బయట ఉన్న వేళలు పూజ వేళకంటే ఎంతో ఎక్కువ. గీత తొమ్మిదో అధ్యాయంలో, ఏమి చేసినా, ఏమి తిన్నా, ఏమి ఇచ్చినా నాకు అర్పణగా చేయి అని ఉంది. వినడానికి సులభంగా ఉంటుంది, ఆచరణలో మొదటి గంటలోనే మరిచిపోతాము. కనుక రోజంతా అర్పిస్తానని ప్రతిజ్ఞ పట్టకు. నీకు అన్నిటికంటే విసుగు పుట్టించే పని ఒకటి ఎంచుకో. ఇష్టమైన పనిని దేవునికి అర్పించడం తేలిక, అందులో మన సుఖం ముందే ఉంది. ఎవరూ గుర్తించని, చేయకపోతే మాత్రం అందరూ గుర్తించే పని ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది. దాన్ని మొదలుపెట్టేటప్పుడు ఇది నీకు అని మనసులో అనుకో. అనుకున్నాక దాన్ని దేవునికి పెట్టే నైవేద్యమంత శ్రద్ధగా చేయాలి, ఏదో కానిచ్చేయడానికి వీల్లేదు. పూర్తయ్యాక ఎవరితోనూ చెప్పకు. ఎవరైనా మెచ్చుకుంటే సంతోషించు, అది తప్పేమీ కాదు; మెచ్చుకోనప్పుడు మనసు ఎంత ముడుచుకుందో మాత్రం చూసుకో. అర్పణలో ఎంత భాగం నీ దగ్గరే మిగిలిపోయిందో ఆ ముడుతే చెబుతుంది.

పన్నెండో అధ్యాయంలో కృష్ణుడు దీనికి ఒక నిచ్చెన వేశాడు, అయితే అది పైనుంచి కిందికి దిగే నిచ్చెన. మనసును నాలోనే నిలుపు అన్నాడు. చేతకాకపోతే అభ్యాసంతో ప్రయత్నించు అన్నాడు. అదీ చేతకాకపోతే నా కోసం పనులు చేయి అన్నాడు. అదీ కాకపోతే చేసిన పనుల ఫలం వదిలిపెట్టు అన్నాడు. ఆఖరి మెట్టు మీద నిలబడ్డవానికి ఇక మిగిలిందేముందని అనుకునేలోగా, ఆ త్యాగం వెంటనే శాంతి కలుగుతుందని ముగించాడు. ధ్యానం కుదరడం లేదని నీవు పడుతున్న దిగులుకు ఇంతకంటే మంచి ఓదార్పు నాకు తెలియదు. కుదరనివారి కోసమే ఆయన మెట్లు దిగివచ్చాడు.

ఇంట్లోని మనుషుల సంగతి కూడా చెప్పక తప్పదు. భాగవతం మూడవ స్కంధంలో కపిలుడు తల్లి దేవహూతికి బోధిస్తూ, అన్ని ప్రాణులలో ఉన్న నన్ను నిర్లక్ష్యం చేసి విగ్రహాన్ని మాత్రం పూజించేవాడు బూడిదలో హోమం చేస్తున్నాడని అన్నాడు. ఎంత కఠినమైన మాటో చూడు! పూజ మధ్యలో పిల్లవాడు పిలిస్తే కసురుకోవడం, ఉపవాసం ఉన్న రోజున ఇంటిల్లిపాదీ మన ముఖం చూసి భయపడడం నేను చాలా ఇళ్ళలో చూశాను. నీ ఇల్లు అలాంటిది కాదనే నమ్ముతాను. అయినా నీ భక్తి ఎలా సాగుతోందో నీకంటే నీతో ఉండేవారికి బాగా తెలుస్తుందని గుర్తుంచుకో. తిరుక్కోట్టియూరులో గురువు రహస్యంగా ఇచ్చిన మంత్రార్థాన్ని రామానుజులు గోపురమెక్కి అందరికీ చెప్పారనీ, అందువల్ల తనకు నరకం వచ్చినా ఇంతమందికి మేలు జరుగుతుంది గదా అన్నారనీ సంప్రదాయంలో చెబుతారు. తన మోక్షాన్ని కూడా లెక్కచేయనిది ఆ భక్తి.

ఒక హెచ్చరిక. శరణాగతి పేరు చెప్పి నీ ధనమో, నీ నిర్ణయాలో, నీ ఇంటివారితో నీ సంబంధమో తన చేతిలో పెట్టమని ఏ మనిషైనా అడిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయి. ప్రశ్నించనివ్వని గురువు దగ్గర శరణాగతి నేర్చుకోలేము. పదిహేడు అధ్యాయాలు ప్రశ్నించనిచ్చినవాడు మన జగద్గురువు. అలాగే జబ్బు చేస్తే వైద్యుని దగ్గరకు వెళ్ళడం విశ్వాసలోపం కాదు. మనసుకు రోజుల తరబడి దిగులు పట్టి తిండీ నిద్రా తప్పినా అంతే.

కష్టకాలం గురించి వ్రాయడానికి కొంచెం వెనకాడుతున్నాను. యుద్ధం ముగిసి కృష్ణుడు ద్వారకకు బయలుదేరుతున్నప్పుడు కుంతి, మాకు ఆపదలు ఎప్పుడూ ఉండనీ, వాటిలోనే నీ దర్శనం దొరికింది అని ప్రార్థించింది. అది కుంతి అనదగిన మాట. లక్క ఇల్లు, అరణ్యవాసం, కురుక్షేత్రం దాటి వచ్చాక తన గురించి తాను అన్న మాట. దుఃఖంలో ఉన్న మరొకరి దగ్గరకు వెళ్ళి ఆ మాట మనం అనకూడదు. పోగొట్టుకున్నవారి ముందు అంతా భగవదర్పణం అనుకోమని ఉపదేశించేవారిని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వారి పక్కన కూర్చుని, వారికి కావలసిన పని చేసిపెట్టి రావడమే అక్కడ చేయదగిన అర్పణ. నీకే కష్టం వస్తే, నీవు ఏడ్వగలిగినంత ఏడ్చి, తరువాత నీ అంతట నీవు ఆ మాట దగ్గరకు రాగలిగితే రా. రాలేకపోయినా ఆయన ఏమీ అనుకోడు.

నీవు ఎండిపోయినట్టుందని వ్రాసిన స్థితి నారదునికి కూడా వచ్చింది. పూర్వజన్మలో ఆయన ఒక దాసీపుత్రుడు. తల్లి పోయాక అడవిలో రావిచెట్టు కింద కూర్చుని ధ్యానిస్తే హరి ఒక్క క్షణం హృదయంలో కనిపించి మాయమయ్యాడు. మళ్ళీ చూడాలని ఎంత ఆరాటపడ్డా కనిపించలేదు. ఈ జన్మలో నన్ను ఇక చూడలేవు, నీ కోరిక పెరగడానికే ఒక్కసారి కనిపించానన్న మాట మాత్రం వినిపించింది. నేనైతే ఆ మాటకు కుప్పకూలేవాణ్ణి. నారదుడు మాత్రం తలవంచి నమస్కరించి, సిగ్గు విడిచి ఆయన నామాలు పాడుకుంటూ, అసూయా మదమూ లేకుండా, కాలం కోసం ఎదురుచూస్తూ భూమి అంతా తిరిగాడు. దర్శనం లేని ఆ సంవత్సరాలను శిక్షగా ఆయన భావించలేదని ఆ వర్ణన చదివితే తెలుస్తుంది. ఆ నారదుని పేరుతోనే ఉన్న భక్తిసూత్రాలలో గోపికల ప్రేమను చెబుతూ, ప్రియుని సుఖంలోనే తన సుఖం చూసుకోవడం అన్న లక్షణాన్ని ప్రస్తావించారు. నీవు వెదుకుతున్న ఆనందానికి అంతకంటే దగ్గరి గుర్తు నాకు దొరకలేదు. అది రోమాంచంగానో కన్నీళ్ళుగానో రావచ్చు, రాకపోవచ్చు. ఎక్కువమందికి అది రావడం కూడా తెలియదు. ఒకనాడు పొరుగింటివారికి మేలు జరిగిందని విన్నప్పుడు లోపల ఏమీ చివుక్కుమనలేదని గమనిస్తారు. అనుకున్నది జరగని రోజున కూడా రాత్రి నిద్ర పట్టిందని మరునాటి ఉదయం గుర్తుకొస్తుంది. నీకు అలాంటిది కనిపించినా దాన్ని పట్టుకుని కూర్చోకు, మరునాటి పని చూసుకో.

వచ్చే ఏకాదశి నుంచి మొదలుపెట్టు. ఆ రోజు సంకల్పంలో జాబితా వద్దు. సహస్రనామం యథాప్రకారం చదువు, కానీ ఇన్నిసార్లు చదివానన్న లెక్క వ్రాసుకుంటున్న ఆ నోటుపుస్తకం మాత్రం బీరువాలో పెట్టేయి. సాయంత్రం వీలు చిక్కితే గజేంద్రమోక్షం నుంచి రెండు మూడు పద్యాలు పైకి చదువుకో, మనసులో చదివితే పోతనగారు సగమే వినిపిస్తారు. కుచేలుని కథ చదివాక, తిరుగుప్రయాణం దగ్గర నేను చెప్పింది నీకు సరిగా తోచిందో లేదో వ్రాయి. నీకు వేరుగా తోస్తే అదే వ్రాయి, నేను మళ్ళీ తీసి చదువుతాను. అబ్బాయికీ, పిల్లలకూ నా ఆశీస్సులు.

ఇట్లు,
మీ పెదనాన్న